చుట్ట బన్నుల సిస్టరమ్మ

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. సిస్టరమ్మ తమ్ముడి కూతురు చేసింది. పెద్దమ్మ నిద్రలోనే పోయిందని, సాయంత్రం నాలుగింటికి సమాధుల తోటకు తీసుకుపోతున్నామని చెప్పింది. ఫోన్ పెట్టేసి వంటింటి గట్టుకు ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ముందుగా కలిగింది ఊరట. ఒక మనిషి పోయిందని తెలిస్తే ఊరట ఏమిటని ఎవరైనా అడగొచ్చు. ఆ ఫోన్ ఇంకో నెల ముందు వచ్చి ఉంటే నాకు నేను మొహం చూపించుకోలేకపోయేదాన్ని. అదెందుకో తెలియాలంటే ముందు ఆమె ఎలాంటి మనిషో తెలియాలి.

నేను వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిని. ఆరేళ్ల కిందట అనంతగిరి మండలంలో పోస్టింగ్ వచ్చింది. కోదాడలో ఉండి రోజూ వెళ్లిరావచ్చని కిరాయి ఇల్లు వెతుక్కున్నాను. మా ఆయన మిర్యాలగూడలో జూనియర్ కాలేజీ లెక్చరర్. వారమంతా నేనిక్కడ, ఆయనక్కడ. శనివారం సాయంత్రం హుజూర్‌నగర్ మీదుగా వచ్చే బస్సులో దిగి, సోమవారం పొద్దున వెళ్లిపోయేవాడు.

ఇల్లు చూపిస్తానన్న ఆటో అతను, చుట్టల సిస్టరమ్మ ఇంటి పైన పోర్షన్ ఖాళీగా ఉందని, ఆమె మంచిదే కానీ ప్రశ్నలు ఎక్కువ వేస్తుందని చెప్పాడు. నోట్లో చుట్ట పెట్టుకుని పొగ వదిలే ముసలామెను ఊహించుకుంటూ గేటు తీశాను.

తలుపు తీసిన మనిషి పొట్టిగా, గుండ్రంగా ఉంది. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది. జాకెట్టుకు పిన్నీసుతో ఒక పాత గడియారం తలకిందులుగా వేలాడుతోంది. మోచేతుల దాకా మైదా. అందరూ మనిషిని పైనుంచి కిందికి చూస్తారు. ఆమె కింది నుంచి పైకి చూసింది. ముందు పాదాలు, తర్వాత చేతివేళ్లు, ఆఖరికి మొహం. కిరాయి ఎంత, నీళ్లెప్పుడు వస్తాయి అని నేను అడగబోతుంటే ఆమే ముందు అడిగింది.

"ఎన్నో నెల?"

నాకు రెండో నెల. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఐదో నెల దాటేదాకా అత్తమ్మకు కూడా చెప్పొద్దనుకున్నాం. గేటు దగ్గరి చిన్న గుంత దాటేటప్పుడు అంత జాగ్రత్తగా అడుగు వేసే ఆడమనిషి ఒట్టి మనిషి కాదని ఆమె లెక్క. కిరాయి సంగతి మాట్లాడకుండానే తాళంచెవి చేతిలో పెట్టింది.

ఆమె ప్రభుత్వాస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు, ఎందుకంటే అడిగినవాళ్లను ఆమె తిరిగి అడిగే ప్రశ్నలు అంతకన్నా ఇబ్బందిగా ఉండేవి. బాగున్నారా అని ఆమె ఎవరినీ పలకరించదు. నిద్ర పడుతుందా అని అడుగుతుంది. దగ్గరివాళ్లయితే, మూత్రం సాఫీగా వస్తుందా అని నడిరోడ్డు మీదే అడుగుతుంది. కూరగాయలమ్మే ఆమె కింది రెప్ప లాగి చూసి, నువ్వమ్మే పాలకూర నువ్వెందుకు తినవని కోప్పడేది. ఒకసారి ఎవరిదో పెళ్లిలో అక్షింతలు వేయడానికి వేదిక ఎక్కి, అందరూ చూస్తుండగా పెళ్లికూతురి కంటిరెప్ప లాగి చూసిందట. ఆ పిల్ల మొగుడు ఇప్పటికీ అది చెప్పి నవ్విస్తుంటాడు.

చుట్టల సంగతి ఆ శనివారమే తెలిసింది. మధ్యాహ్నం మూడు దాటాక కింది నుంచి ఘాటైన తియ్యటి వాసన వచ్చింది. వీధిలో పిల్లలు గేటు పట్టుకుని, సిస్టరమ్మ బగారన్నం వండుతోందని కేకలు పెడుతున్నారు. దాల్చినచెక్క వాసన వస్తే ఈ చుట్టుపక్కల ఎవరికైనా బగారే గుర్తొస్తుంది. నేను దిగి చూస్తే వంటింట్లో నేల మీద గుండ్రటి అల్యూమినియం ఓవెన్, దాని గాజు మూత కింద చాప చుట్టినట్టు చుట్టి కోసిన బన్నులు పొంగి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వీధి పెట్టిన పేరు చుట్ట బన్నులు. పొట్టిగా చుట్టలు.

వారానికి పదహారు చేసేది. పన్నెండు స్టీలు క్యారియర్‌లో సర్దుకుని, తాను పనిచేసిన ఆస్పత్రికి నడిచి వెళ్లి, కాన్పుల వార్డులో ఆయాలకు ఇచ్చి వచ్చేది. మిగిలినవి వీధిలో పిల్లలకు. తనకు షుగరు. ఒక బన్ను చేతిలోకి తీసుకుని బయటి చుట్టు నుంచి విప్పుకుంటూ వచ్చి, ఊడిన పట్టీని పక్కన కూర్చున్నవాళ్లకు ఇచ్చి, అన్నిటికన్నా మెత్తగా ఉండే నడిమి ముక్క మాత్రం తాను నోట్లో వేసుకునేది. కళ్లు మూసుకుని నమిలేది. ఆ కాసేపు ఎవరూ మాట్లాడించకూడదు.

ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే ఒక్కోసారి ఒక్కో జవాబు. ట్రైనింగులో ఉన్నప్పుడు హాస్టల్ మేట్రన్ నేర్పిందని ఒకసారి, బేకరీ మాస్టరు పెళ్లానికి పురుడు పోస్తే ఆయన వచ్చి నేర్పాడని ఇంకోసారి, ఎవరు నేర్పుతరు, పాడుచేసుకుంట నేర్చుకున్న అని మరోసారి. ఏది నిజమో నేను తేల్చుకోలేదు.

మూడో వారం నుంచి నేనూ ఆమె వంటింట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. ఆమెకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. పిండిలో చెయ్యి పెట్టేముందు గోళ్లు చూపించాలి. ఉంగరం తీసి కిటికీలోని గాజు గిన్నెలో వేయాలి. మోచేతుల దాకా సబ్బు రాసి కడగాలి, కాన్పు చేసే చేతులు కడిగినట్టు. పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మణికట్టు లోపలి వైపు చుక్క వేసుకుని చూడాలి, చంటిపిల్లల పాలు చూసినట్టు. అందులో చక్కెర, ఈస్టు కలిపి మూతపెట్టి, జాకెట్టు గడియారం చూసుకుంటూ పది నిమిషాలు. పైన నురగ కడితే ఈస్టు బతికి ఉన్నట్టు.

నేను మొదటిసారి చేసినప్పుడు నురగ రాలేదు. తొందరలో పొయ్యి మీది పాలు అలాగే పోసేశాను. ఆమె గిన్నెలోకి వంగి చూసి, "సంపినవ్ గదా బిడ్డా" అని నవ్వింది. "గంత వేడి పోస్తే ఏం బతుకుతయ్?"

మామూలు మాటే. కానీ నాకు నవ్వు రాలేదు. గిన్నెను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అంతకు ముందు సంవత్సరం మూడో నెలలో నాకు కడుపు పోయింది. పొలాల వెంట బండి మీద తిరిగినందుకే పోయిందని చుట్టాలు అన్నారు. ఎవరికీ ఎదురు చెప్పలేదు. నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి. సిస్టరమ్మకు ఆ సంగతి నేను చెప్పలేదు. కానీ ఆస్పత్రి కార్డు మీద ఎన్నో కాన్పో రాసి ఉంటుంది, ఆ కార్డు ఆమె ఎప్పుడో చూసింది.

ఆమె గిన్నె నా చేతుల్లోంచి తీసి పక్కన పెట్టింది. పీట జరుపుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇటు సూడు. గీ పాలు కాగినందుకు నువ్వు జవాబు చెప్పాలె, నిజమే. గా పోయినదానికి నువ్వు చెప్పనక్కర్లేదు. బండి మీద తిరిగినందుకు కాదు, బొప్పాయి తిన్నందుకు కాదు, బరువులెత్తినందుకు కాదు. కొన్ని నిలవవు బిడ్డా. నేను వందల్ల చూసిన."

అంతకు ముందు డాక్టరు కూడా దాదాపు ఇదే చెప్పింది. కానీ డాక్టరు కంప్యూటర్ చూస్తూ చెప్పింది. సిస్టరమ్మ నా రెండు మణికట్లు పట్టుకుని చెప్పింది. ఆ రోజు బాగా ఏడ్చాను. ఏడుస్తుంటే ఓదార్చలేదు, కొత్తగా పాలు పొయ్యి మీద పెట్టింది. అవి గోరువెచ్చబడేసరికి నా ఏడుపూ ఆగిపోయింది. అప్పటి నుంచి రాత్రిళ్లు నాకు నిద్ర పట్టడం మొదలైంది.

ఆ తర్వాత నాకు పని బాగానే వచ్చింది. పిండి పొంగాక బండ మీద వేసి చపాతీ కర్రతో పలుచగా పరచడం, వెన్న రాయడం, బెల్లం పొడిలో దాల్చినచెక్క పొడి కలిపి అంచుల దాకా చల్లడం, గట్టిగా కాకుండా, వదులుగా కాకుండా చుట్టడం. కోసేది కత్తితో కాదు, దారంతో. చుట్ట కిందికి దారం పోనిచ్చి, రెండు కొసలు పైన దాటించి లాగితే ముక్క నలగకుండా తెగుతుంది. బొడ్డు కట్టేటప్పుడు ఇట్లనే లాగాలె అని ప్రతిసారీ చెప్పేది. విని విని నాకు నోటికి వచ్చింది. అయినా ప్రతిసారీ చెప్పేది.

ఎనిమిదో నెల వచ్చింది. నాట్ల సీజను. ఆ వారమంతా రైతు వేదికలో నిలబడే ఉన్నాను. రెండు రోజులుగా తలనొప్పి. ఎండకేమో అని మాత్ర వేసుకున్నాను. మొహం నిండుగా కనిపిస్తుంటే, కళ వచ్చింది, ఆడపిల్లే అని రైతుల ఇళ్లల్లో ఆడవాళ్లు అన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది ఇంకో నాలుగు రోజులకు.

శనివారం మధ్యాహ్నం కిందికి దిగాను. సిస్టరమ్మ అప్పటికే పిండి బండ మీద వేసింది. ఎప్పటిలాగే ఉంగరం తియ్యమంది. అది రాలేదు. సబ్బు రాశాను, నూనె రాశాను, వేలు ఎర్రబడింది కానీ ఉంగరం కదల్లేదు. పోనీలే ఈసారికి ఉండనీయండి అన్నాను.

ఆమె పిండి మీద నుంచి చేతులు తీసింది. "పోయిన శనివారం వచ్చింది గదా" అంది.

చేతులు కడుక్కుని వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. తలనొప్పి ఎన్ని రోజుల నుంచి అని అడిగింది. కళ్ల ముందు మెరుపుల్లాంటివి కనిపిస్తున్నాయా అని అడిగింది. పొద్దున రెండుసార్లు కనిపించాయి, నీరసమేమో అనుకున్నానని చెప్పాను. అలమార నుంచి పాత బీపీ మిషను తీసి ఒకసారి చూసింది, రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూసింది. ఎంత ఉందంటే చెప్పలేదు. పూట పూటకూ వంద ప్రశ్నలు వేసే మనిషి ఒక్కసారిగా మాట్లాడటం మానేసింది. నాకు భయం వేసింది అందుకే.

బన్నులు కోసే దారమే తెచ్చి నా వేలికి దగ్గర దగ్గరగా చుట్టి, ఉంగరం కింది నుంచి కొస పోనిచ్చి, మెల్లగా విప్పుకుంటూ ఉంగరాన్ని బయటికి తెచ్చింది. దాన్ని కొంగులో ముడి వేసుకుంది. ఎదురింటివాళ్ల కారు పిలిపించింది. పిండి బండ మీద అలాగే ఉంది.

కోదాడ ఆస్పత్రిలో ఆమెకు తెలిసినవాళ్లే. ఇంజెక్షన్ ఇచ్చి, ఇక్కడ ఆపే కేసు కాదని అంబులెన్స్‌లో సూర్యాపేట పంపారు. ఆమె నా పక్కనే ఎక్కింది. "కండ్లు మూసుకో. నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడుత" అంది. హైవే మీద ముప్పావు గంట ఆమె నోరు ఆగలేదు. ఎదురింటి పిల్లి పెట్టిన పిల్లల సంగతి, ఫ్యాను రెక్కలు తుడవని పనామె సంగతి, తన తమ్ముడు చిన్నప్పుడు చిల్లర మింగిన సంగతి. అంబులెన్స్‌లో ఉన్న అతను ఫోన్‌లో ఆస్పత్రికి చెబుతున్న మాటలు నా చెవిన పడకుండా చెప్పిన ముచ్చట్లని నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది.

సాయంత్రానికి ఆపరేషన్ చేశారు. పాప కిలోన్నర. ఇంకో పూట ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవి, అప్పుడు ఇద్దరిలో ఎవరి సంగతీ చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు మా ఆయనతో అందట. మా ఆయన వచ్చేదాకా సిస్టరమ్మ ఆపరేషన్ గది బయట మైదా అంటిన చీరతోనే నిలబడి ఉందట. ఆయన చేతుల్లో నా ఫైలు పెట్టి, ఆఖరు బస్సుకు వెళ్లిపోయిందట. ఇవన్నీ నేను విన్నవే. చూసినవి కావు.

ఇక మా అత్తమ్మ సంగతి. ఆమెది వేములపల్లి. భూమి ఉన్న ఇల్లు. మాటకు ఎదురు విని ఎరగదు. తర్వాతి రోజు పొద్దున ఆస్పత్రికి వచ్చి, గాజు పెట్టెలో పాపను చూసి గోడకు ఆనుకుని కూలబడిందట. నేను శనివారం శనివారం కింద పిండి పిసికేదాన్నని అప్పుడే ఎవరి నోటో వింది. రెండు రోజుల తర్వాత నా బట్టల కోసం కోదాడ వెళ్లినప్పుడు గేటు దగ్గరే నిలబడి, వీధంతా వినేలా సిస్టరమ్మను తిట్టింది. మీ బన్నులు తినే నా కోడలికి బీపీ వచ్చిందని, కడుపుతో ఉన్నదాన్ని పనిమనిషి లెక్క వాడుకున్నారని. లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్లిస్తే ముట్టలేదు. అందుకు కారణం కోపం ఒక్కటే కాదని ఆ వీధికి తెలుసు, సిస్టరమ్మకూ తెలుసు. సిస్టరమ్మ పైకి వెళ్లి నా బట్టలు సర్ది తెచ్చి ఇచ్చింది. కొంగు ముడి విప్పి, కాగితంలో చుట్టిన ఉంగరం కూడా ఇచ్చింది.

ఈ సంగతి మా ఆయన నాకు మూడు నెలల తర్వాత, అమ్మ అప్పుడు జర గరమైంది అన్నట్టుగా చెప్పాడు. విన్నాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పటికే కోదాడ ఇల్లు ఖాళీ చేసేశాం. మిర్యాలగూడ వైపు బదిలీ కూడా అయింది. సిస్టరమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. పాప బరువెంత, నీకు నిద్ర పడుతుందా అని అడిగింది. పొడిపొడిగా జవాబు చెప్పి పెట్టేశాను. తప్పు మాది, నోరు తెరిస్తే ఆ తప్పు గురించే మాట్లాడాలి, అది చేతకాలేదు. తర్వాత ఆమె చేయలేదు.

అత్తమ్మను గట్టిగా అడగలేదా అంటే, అదీ చేతకాలేదు. పాపను ఇంటికి తెచ్చాక రెండు నెలలు, వార్డులో నర్సులు చెప్పినట్టు, పిల్లను తన రొమ్ముకు కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నది ఆమే. నాకు కుట్ల నొప్పి, నీరసం. ఆమె కూర్చుని తినేది, కూర్చునే కునికేది. పాప వొంటికి పట్టిన వేడి సగం ఆమెది. అలాంటి మనిషితో ఏమని తగువు పడను? ఒకరు నన్నూ పాపనూ ఆస్పత్రికి చేర్చారు, ఒకరు పాపను మనిషిని చేశారు. రెండోవాళ్లు మొదటివాళ్లను అవమానించారు. మధ్యలో నేను ఐదేళ్లు నోరు మూసుకుని ఉన్నాను.

రెండు నెలల కిందట మా ఆఫీసు అమ్మాయి పెళ్లికి పాపను తీసుకుని కోదాడ వెళ్లాను. భోజనాలయ్యాక బస్టాండుకు ఆటో ఎక్కాను. ఎక్కాక, బస్టాండుకు కాదు, సిస్టరమ్మ వాళ్ల వీధికి పోనీయమన్నాను. ఎందుకన్నానో తెలియదు. అనేశాక మళ్లీ వెనక్కి తీసుకోలేకపోయాను.

ఆమె సగమైపోయింది. ముందుగదిలో మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. గడియారం మాత్రం జాకెట్టుకు అలాగే ఉంది. తమ్ముడి కూతురు దగ్గరుండి చూసుకుంటోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పాపను దగ్గరికి రమ్మని కింది రెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది, నాలుక చాపమంది. ఓవెన్ వాడి ఏడాది దాటిందని, నడుం వంగట్లేదని చెప్పింది. తర్వాత అంది: "ఈస్టు డబ్బా ఫ్రిజ్‌ల ఉన్నది. నువ్వు చెయ్యి, నేను సూస్త."

పట్టుచీర కొంగు దోపుకుని నేల మీద కూర్చున్నాను. పాలు మణికట్టు మీద వేసుకుని చూశాను. నురగ వచ్చింది. పిండి కలిపి తడిబట్ట కప్పాను. ఇక గంట ఆగాలి. చేయడానికి పనేమీ లేదు. పాప బయట ఎదురింటి పిల్లలతో ఉంది. ఆ గంట నన్ను వదల్లేదు.

మా అత్తమ్మ అలా మాట్లాడినందుకు, తెలిసి కూడా నేను రాకుండా ఉన్నందుకు క్షమించమని అడిగాను. తల వంచుకునే అడిగాను. తలెత్తి చూస్తే నవ్వుతోంది.

"గా ముచ్చట నువ్వింకా మోస్తున్నవా? మీ అత్త ఎప్పుడో దింపుకుంది."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పాపకు రెండో ఏడు వచ్చినప్పుడు ఒకరోజు మా అత్తమ్మ గేటు దగ్గర వచ్చి నిలబడిందట. లోపలికి వచ్చి కూర్చుని, తనకు తల తిరుగుతోంది, బీపీ చూడమని అడిగిందట. చూపించుకుని వెళ్లిపోయింది. అంతే. ఆరు నెలలకు మళ్లీ వచ్చింది. ఆ రోజు మంచినీళ్లు అడిగి తాగింది. ఇంకోసారి వచ్చినప్పుడు చాయ్ తాగింది. ఆ తర్వాతి సారి శనివారం చూసుకుని వచ్చింది. ప్లేటులో బన్ను పెడితే మొత్తం తిని, కాగితంలో ఇంకోటి కట్టించుకుని వెళ్లింది. చివ్వెంలలో చెల్లెలింటికి అని చెప్పి అత్తమ్మ ఏడాదికి రెండుసార్లు బయలుదేరేది. సూర్యాపేటలో దిగి కోదాడ బస్సు ఎక్కుతోందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

తిట్టిన సంగతి ఎప్పుడైనా ఎత్తిందా అని అడిగాను. లేదంది. ఎత్తాల్సిన పని కూడా లేదంది.

"ఆస్పత్రి బయట నిలబడ్డ తల్లులు, అత్తలు ఎవరినో ఒకరిని తిట్టాలె బిడ్డా. లేకుంటే వాళ్ల గుండె ఆగుతది. మేం దగ్గర ఉంటం, మాకు తగులుతయ్. తల్లీపిల్లా ఇద్దరు బతికినంక వచ్చి తిట్టిన తిట్టు, నాకు తిట్టు లెక్క వినపడదు."

ఐదేళ్ల నుంచి ఛాతీ మీద కూర్చున్నది ఏదో లేచి పక్కకు వెళ్లిపోయింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఆమె తడిబట్ట వైపు చెయ్యి చూపించి, పిండి పొంగింది, ముందు దాని సంగతి చూడమంది. ఆ సాయంత్రం పదహారు బన్నులు చేశాను. ఒకవైపు కొంచెం మాడాయి. ఆమె చూసి, మాడినవి కూడా ఆయాలకే పంపమంది, వాళ్లు ఏమీ అనుకోరని.

చీకటి పడ్డాక ఇంటికి చేరాం. అత్తమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. సిస్టరమ్మను కలిసి వచ్చానని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. "బక్కగైంది గదా" అంది. అవునన్నాను. నేను కూడా కూర్చుని చిక్కుడుకాయలు వలిచాను.

అది జరిగిన నాలుగు వారాలకు ఆ మంగళవారం ఫోన్. చెప్పడానికి అత్తమ్మ గదిలోకి వెళితే, నా మొహం చూసి తెలుసుకుంది. ఇస్త్రీ చీర కట్టుకుని, పాపకు జడ వేసి, చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడింది. మా ఆయన కాలేజీకి సెలవు పెట్టి వస్తానంటే, బస్సులో మేమే పోతామంది.

సమాధుల తోట నిండిపోయింది. ఆస్పత్రి ఆయాలు, కూరగాయలమ్మే ఆమె, సిస్టరమ్మ చేతుల మీద పుట్టి మీసాలొచ్చిన మగపిల్లలు, వీధంతా. మేం ముగ్గురం వెనక, గోడ దగ్గర నిలబడ్డాం. పాస్టర్ గారు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరు మట్టి వేస్తున్నారు. చర్చికి సంబంధించిన పెద్దావిడ ఒకామె మా దగ్గరికి వచ్చి, మమ్మల్ని కొత్తగా చూసి, "మీరు ఆమెకు ఏమవుతారండీ?" అని అత్తమ్మను అడిగింది.

నేను చెప్పబోయాను. అత్తమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. పాపను ముందుకు తెచ్చి నిలబెట్టింది. గొంతు తగ్గించలేదు. ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఏమీ కాను. నా కోడలు, ఈ పిల్ల బతికి ఉన్నరంటే ఈమె బతికిచ్చిందే. ఐదేండ్ల కింద ఈమె గేటు కాడ నిలబడి నోటికొచ్చినట్టు తిట్టిన. మీ వీధోళ్లంత విన్నరు. గా తిట్లు విన్నోళ్లు ఇది కూడా వినాలె."

ముందున్న వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఎదురింటివాళ్లు, కారు తెచ్చిన అతను, అందరూ అక్కడే ఉన్నారు. ఆ పెద్దావిడ మా అత్తమ్మ భుజం మీద చెయ్యి వేసి, జనాన్ని తప్పించుకుంటూ, ఇంటివాళ్లు నిలబడిన ముందు వరుసకు తీసుకువెళ్లింది. తమ్ముడి కూతురు పక్కకు జరిగి చోటిచ్చింది. అత్తమ్మ చెప్పులు విడిచి, ఒంగి, రెండు చేతులా మట్టి తీసుకుని, సగం పాప దోసిట్లో పోసింది.